హాంట్స్‌పోర్ట్‌లో ఒక సమాధి, నాన్న అడిగిన ప్రశ్న

కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలో, హాలిఫాక్స్‌లో మా అద్దె ఇంటికి నాలుగు వీధుల అవతల లక్నో స్ట్రీట్ ఉంది. ఈ చలిదేశంలో లక్నో ఏమిట్రా అని నాన్న విజయవాడ నుంచి వచ్చిన మొదటి వారంలోనే అడిగారు. 1857లో లక్నో రెసిడెన్సీలో చిక్కుకున్న బ్రిటిష్ వాళ్ళకి నాయకత్వం వహించిన ఇంగ్లిస్ ఈ ఊళ్ళో పుట్టినవాడే అని చెప్పాను. అక్కడితో ఆగకుండా, ఆ లక్నో పోరులోనే బ్రిటిష్ తరఫున ఫిరంగి పేల్చిన ఇక్కడి నల్లజాతి నావికుడు విలియమ్ హాల్ సంగతి, హాంట్స్‌పోర్ట్‌లో ఉన్న అతని సమాధి సంగతి కూడా ఎత్తాను. శనివారం ప్రయాణం ఖాయమైపోయింది.

హాంట్స్‌పోర్ట్‌కి 101 హైవే మీద సుమారు ముప్పావుగంట. కారు ఉంటేనే సుఖం. మేము కారు తీసుకున్నచోట ఇన్సూరెన్స్ అంటూ ముందు చెప్పిన రేటుకి ఇంకో సగం తగిలించారు. చదవకుండా సంతకం పెట్టాను, అనుభవించాను. హైవే నుంచి ఊళ్ళోకి దిగే రోడ్డుకి కూడా హాల్ పేరే.

సమాధి బాప్టిస్టు చర్చి ఆవరణలో ఉంది. టికెట్టు, గైడు, గేటు ఏమీ లేవు. రాళ్ళు పేర్చి కట్టిన దిమ్మె, దానికో ఫలకం, చుట్టూ గడ్డి. పది నిమిషాల్లో చూసేయొచ్చు గానీ మేము గంటన్నర ఉన్నాం.

హాల్ అమ్మానాన్నలు అమెరికాలో బానిసలు. అమెరికాకీ బ్రిటన్‌కీ జరిగిన 1812 యుద్ధం రోజుల్లో తప్పించుకుని, బ్రిటిష్ ఓడల్లో నోవా స్కోషియా చేరారు. కొడుకు కుర్రతనంలో ఈ హాంట్స్‌పోర్ట్‌లోనే ఓడలు కట్టే పనిచేసి, తర్వాత సముద్రం పట్టి, 1852లో బ్రిటిష్ నేవీలో చేరాడు. 1857లో అతని ఓడ 'షానన్' కలకత్తా వచ్చింది. ఓడ మీది పెద్ద ఫిరంగుల్ని నావికులే లక్నో దాకా తీసుకెళ్ళారు. నవంబర్ 16న అక్కడి షా నజఫ్ అనే సమాధి మందిరం గోడ ముందు తోటివాళ్ళు పడిపోగా, ఒక ఫిరంగి దగ్గర చివరికి హాల్, లెఫ్టినెంట్ థామస్ యంగ్ ఇద్దరే మిగిలారు. పేల్చినప్పుడల్లా ఫిరంగి వెనక్కి తన్నుతుంది, మళ్ళీ ముందుకి తోసి, మందు కూరి, గుండు పెట్టాలి. గోడకి కన్నం పడేదాకా అలాగే చేశారు. 1859లో హాల్‌కి విక్టోరియా క్రాస్ ఇచ్చారు, బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం. ఆ పతకం అందుకున్న మొదటి నల్లజాతి మనిషి అతనే.

ఇదంతా విని నాన్న చేతిలో పూలగుత్తి అలాగే పట్టుకుని, "ఒరేయ్, అంటే మనవాళ్ళ మీద పేల్చినవాడికా ఈ పూలు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. సరిగ్గా అదే రోజు, అక్కడికి దగ్గర్లోనే సికందర్ బాగ్‌లో ఊదాదేవి చెట్టెక్కి బ్రిటిష్ సైనికుల్ని కాల్చిందని లక్నోలో చెప్పుకుంటారు. పాసీ కులస్థురాలు. అక్కడ ఆమె విగ్రహం ముందు నేను దండం పెట్టుకున్నాను కూడా. హాల్‌కేమో ఆ బ్రిటిష్ జెండా అమ్మానాన్నల సంకెళ్ళు తెంచిన జెండా. ఈ రెండూ నా బుర్రలో పక్కపక్కన కూర్చోవు.

మిగతా కథ చెప్పాను. 1876లో రిటైరై అక్కచెల్లెళ్ళతో చిన్న పొలం చేసుకున్నాడు. 1904లో పోతే సైనిక లాంఛనాలేమీ లేకుండా లాక్‌హార్ట్‌విల్‌లో పూడ్చారు, పేరు చెక్కిన రాయి కూడా లేదు. 1945లో గానీ ఇక్కడికి తేలేదు. నాన్న ట్రెజరీలో పెన్షన్ ఫైళ్ళు చూసిన మనిషి. "నలభై ఒక్క ఏళ్ళు పెండింగా!" అని, వంగి పూలు దిమ్మె మొదట్లో పెట్టారు. గాలికి ఎగిరిపోకుండా మీద ఒక రాయి కూడా ఉంచారు.

పతకం 1967లో ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చింది, ఇప్పుడు నోవా స్కోషియా మ్యూజియం సొత్తు. చూడాలనుకుంటే ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.

ఊళ్ళో ఇంకేముంది అంటే ఏవన్ నది. మేము వెళ్ళినప్పుడు ఆటు, కనుచూపుమేరా ఎర్ర బురద. ఈ బే ఆఫ్ ఫండీ పోటు ప్రపంచంలోకెల్లా ఎత్తైనది, కొన్నిచోట్ల పదహారు మీటర్లు దాటుతుంది. టైమింగ్ చూసుకుని వెళ్తేనే తేడా తెలుస్తుంది, మేము చూసుకోలేదు.

రాత్రికి వుల్ఫ్‌విల్‌లో ఆగాం. యూనివర్సిటీ ఊరు, నడవడానికి బాగుంటుంది. మేమున్న బీ అండ్ బీలో (పొద్దున టిఫిన్ కూడా పెట్టే చిన్న బస) దుప్పట్లు వెచ్చన, మర్యాదా బాగుంది. టిఫిన్‌కి శాకాహారమంటే మాత్రం టోస్టూ ఆపిల్ ముక్కలూనే. నాన్న సంచిలోంచి గోంగూర పచ్చడి తీశారు, టోస్టు గట్టెక్కింది.

తిరుగు దారిలో డార్ట్‌మత్ దగ్గర చెర్రీ బ్రూక్‌లో, ఇక్కడి నల్లజాతివాళ్ళ చరిత్ర చెప్పే బ్లాక్ కల్చరల్ సెంటర్‌కి రెండు గంటలు ఉంచుకోండి. హాలిఫాక్స్‌లోని ఆఫ్రిక్‌విల్ మ్యూజియం చిన్నదే, 1960లలో కూల్చేసిన ఆ పేరుగల నల్లజాతి వాడ చర్చి నమూనాలో కట్టారు. ఒక్కదానికే టైముంటే నా ఓటు చెర్రీ బ్రూక్‌కి. ముందు సమాధి చూసి అక్కడికి వెళ్తే హాల్ ఒంటరిగా కనిపించడు.

ఇంటికి చేరేముందు నాన్న లక్నో స్ట్రీట్ బోర్డు కింద నిలబడి ఫోటో తీయించుకున్నారు. విజయవాడలో బాబాయికి పంపితే నిమిషంలో రిప్లై: "అన్నయ్యా, అక్కడ బిర్యానీ బాగుంటుందా?"