మతాలను చదవడానికి ఒక మైనర్ కోర్సు: నల్లగొండ విద్యార్థి సమీక్ష

డిగ్రీలో చరిత్ర ప్రధాన విషయంగా ఉన్న నేను ప్రపంచ మతాల అధ్యయనాన్ని మైనర్‌గా, అంటే దానికి తోడుగా చదివే ఉప విషయంగా, ఎంచుకున్నప్పుడు మా నాన్నగారు, ‘ఇది భక్తి పాఠమా, బిడ్డా?’ అని అడిగారు. కాదు. ఏ మతం నిజమో తేల్చడం ఈ కోర్సు పని కాదు. మనుషులు తమ విశ్వాసాన్ని ఎలా ఆచరిస్తారో, ఎలా చెప్పుకుంటారో పరిశీలించడమే దాని పని.

కోర్సులో నాకు అత్యంత విలువైనది నీనియన్ స్మార్ట్ ప్రతిపాదించిన ఏడు పార్శ్వాల పద్ధతి. 1967లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మతాధ్యయన విభాగాన్ని స్థాపించిన ఈ పండితుడు మతాన్ని ఆచారం, కథ, అనుభూతి, సంఘం, నీతి, సిద్ధాంతం, భౌతిక రూపం అనే కోణాల్లో చూడమన్నారు. ఆ చూపుతో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్తే లింగంపై పడే నీడ ఒక్కటే కాక, దాని చుట్టూ అల్లుకున్న కథలూ కనిపించాయి. కొలనుపాక జైన క్షేత్రమూ, ఫణిగిరి బౌద్ధ శిథిలాలూ, మా గుట్టమీది లతీఫ్ సాహెబ్ దర్గాలో అన్ని మతాలవారూ చేసే మొక్కులూ నాకు కొత్తగా అర్థమయ్యాయి.

లోపం ఒకటి ఉంది. మా కళాశాలలో ఈ విషయంపై తెలుగు పుస్తకాలు దాదాపు లేవు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు మొదటి సెమిస్టర్‌లో చాలా ఇబ్బంది పడ్డారు. అయినా చరిత్ర, సామాజిక శాస్త్రం చదివేవారు దీన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు.