బ్యూనస్ ఎయిర్స్ దగ్గర పోలో డే: డబ్బుకు తగ్గ రోజే, కానీ గుర్రాలశాలలో ఇంకో గంట ఉంచాల్సింది

నవంబర్‌లో నాన్నను తీసుకుని అర్జెంటీనా వెళ్లినప్పుడు బ్యూనస్ ఎయిర్స్‌కి గంట దూరంలో, పిలార్ వైపు ఉన్న ఒక ఎస్తాన్సియాలో పోలో డే బుక్ చేశాను. పోలో అంటే గుర్రం మీద కూర్చుని పొడవాటి కర్రతో బంతిని కొట్టే ఆట. ఎస్తాన్సియా అంటే వందల ఎకరాల పశువుల క్షేత్రం. పొద్దున హోటల్ దగ్గర ఎక్కించుకుంటారు, ఒక మ్యాచ్ చూపిస్తారు, భోజనం పెడతారు, మధ్యాహ్నం మనల్నే గుర్రమెక్కించి చేతికి కర్ర ఇస్తారు, చీకటి పడే వేళకి దింపేస్తారు. మనిషికి 180 డాలర్లు, తక్కువేం కాదు. నా మాట ముందే చెప్పేస్తున్నా, వెళ్లండి. కాకపోతే అక్కడ ఏం చూపించమని అడగాలో తెలుసుకుని వెళ్లండి.

ఇబ్బంది ఏంటంటే వ్యాన్ 50 నిమిషాలు లేటుగా వచ్చింది. ఫోన్ చేస్తే దారిలో ఉన్నామంటారు తప్ప ఎంతసేపో చెప్పరు, కొత్త ఊళ్లో పెద్దాయన్ని ఫుట్‌పాత్ మీద నిలబెట్టుకుని నాకు ఒకటే టెన్షన్. ఆ లేటు ఖర్చంతా వాళ్లు గుర్రాలశాల చూపించే టైమ్‌లో కోసేశారు, నాకు బాధ అనిపించింది అక్కడే.

మ్యాచ్‌కి ముందు చెట్టుకింద కూర్చోబెట్టి గైడ్ చరిత్ర చెప్పింది, బాగా చెప్పింది. 1875లో బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్రంలోని రాంచోస్ దగ్గర, డేవిడ్ షెన్నన్ అనే ఆయన నెగ్రెతే ఎస్తాన్సియాలో ఈ దేశపు మొదటి పద్ధతైన పోలో మ్యాచ్ జరిగింది. ఆడినవాళ్లు బ్రిటిష్ వాళ్లే. వాళ్లకి ఈ ఆట అబ్బింది మన మణిపూర్‌లో, అక్కడివాళ్లు గుర్రాల మీద ఆడే సగోల్ కంగ్‌జై అనే ఆట చూసి. ఏడు నిమిషాల ఆట భాగాన్ని ఇప్పటికీ చక్కర్ అనే అంటారు, అది మన చక్కరే అని నాన్నకి చెప్తే ఆయన ముఖం వెలిగిపోయింది. తర్వాత 1888లో హర్లింగ్‌హామ్ క్లబ్, 1893లో మొదటి ఛాంపియన్‌షిప్, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో పోలో బంగారం, అర్జెంటీనాకి ఏ ఆటలోనైనా అదే మొదటి ఒలింపిక్ బంగారం. 1936 బెర్లిన్ ఫైనల్లో బ్రిటన్‌ని 11-0తో కొట్టారు, ఆ తర్వాత ఒలింపిక్స్‌లో పోలోనే లేదు. ఆట నేర్పినవాళ్లనే ఒక్క గోల్ కూడా కొట్టనివ్వకుండా ఓడించడం! బెర్లిన్ జట్టులో మాన్యుయెల్ ఆంద్రాదా అని ఒకాయన ఉన్నాడు, అప్పటికి వయసు 46, జనం ఆయన్ని పైసానో అని పిలిచేవాళ్లు, అంటే పల్లెటూరి మనిషి అని.

కానీ గైడ్ కథలో క్లబ్బులూ కప్పులూ ఉన్నంతగా గుర్రాల్ని తయారుచేసిన చేతులు లేవు. అర్జెంటీనా పోలోకి అసలు బలం అక్కడుంది కదా. పంపా అంటే చదునైన గడ్డి నేల, ఎంత దూరం చూసినా మిట్ట కనపడదు, అక్కడ చిన్నప్పటి నుంచి జీను మీదే పెరిగిన గౌచోలు, అంటే గుర్రాల మీద పశువుల్ని కాసేవాళ్లు ఉన్నారు, స్పానిష్ వాళ్లు తెచ్చిన గుర్రాల సంతతి క్రియోయో గుర్రం ఉంది, దాని గట్టితనానికి థరోబ్రెడ్ అనే పందెపు గుర్రం వేగం కలిపి పోలో అర్జెంతీనో అనే జాతినే పెంచుకున్నారు.

అందుకే భోజనం గబగబా ముగించి గుర్రాలశాలకి పోయాం, మమ్మల్ని ఎవరూ ఆపలేదు. గుర్రాల్ని చూసుకునే మనిషిని అక్కడ పెతిసెరో అంటారు. ఆయన ఒక గోధుమరంగు ఆడగుర్రం వెనక నిలబడి తోకని మూడు పాయలుగా అల్లి, పైకి మడిచి, టేప్ చుడుతున్నాడు. జూలు అప్పటికే గొరిగేసి ఉంది. రెండూ వదిలేస్తే పరుగులో కర్ర చిక్కుకుంటుంది. తర్వాత కిందకి వంగి నాలుగు కాళ్లూ మోకాలి నుంచి గిట్ట దాకా అరచేత్తో తడిమాడు, ముందు కుడికాలి దగ్గర చెయ్యి కాసేపు ఆగింది, ఆ గుర్రాన్ని పక్కకి కట్టేసి ఇంకోదాన్ని తెచ్చాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని, "ఒరేయ్, మీ తాత కూడా ఎద్దులు పొలం నుంచి రాగానే ఇలాగే తడిమి చూసేవాడురా, కాలు వేడిగా ఉంటే మర్నాడు కాడి కట్టేవాడు కాదు" అన్నారు. నాకు వచ్చిన ముక్క స్పానిష్‌లో ఆ మాట పెతిసెరోకి చెప్తే ఆయన నాన్న చెయ్యి తీసుకుని ఆ కాలిమీద పెట్టించాడు. నిజంగానే వేడిగా ఉంది. నా 180 డాలర్లూ అక్కడే వసూలయ్యాయి.

పాఠం పర్వాలేదు. ముందు కొయ్య గుర్రం మీద కూర్చోబెట్టి కర్ర తిప్పడం నేర్పుతారు, ఎడమచేతి వాటం వాళ్లయినా కుడిచేత్తోనే ఆడాలి, ఎదురెదురుగా వస్తే గుద్దుకుంటారని ఆ నియమం. నిజం గుర్రం మీద నడకలో నేను పది దెబ్బలకి నాలుగు తగిలించాను. నాన్న గుర్రమెక్కి ఒక చుట్టు తిరిగారు, పక్కనే ఒకతను కళ్లెం పట్టుకుని నడిచాడు, వదల్లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఈ విషయం ముఖ్యం. హెల్మెట్లు మాత్రం పాతవి, నాది వదులుగా ఉందంటే మార్చారు.

తిండి విషయానికొస్తే మాంసం తినేవాళ్లకి నిప్పులమీద కాల్చిన అసాదో పండగే. నాన్న శాకాహారి. కజ్జికాయల్లాంటి మొక్కజొన్న ఎంపనాదాలు, కాల్చిన చీజ్ ప్రొవోలేతా పెట్టారు, ముందే చెప్పాను కాబట్టి దొరికాయి. పచ్చడి పాకెట్టు మా సంచిలోనే ఉంది, అది వేరే సంగతి.

ఆ శనివారం సొంతంగా టికెట్లు కొనుక్కుని పలెర్మో మైదానానికి కూడా వెళ్లాం. ఊరి నడిబొడ్డున, 1928 నాటిది, పోలో కథెడ్రల్ అంటారు. ప్రతి ఆటగాడికీ అతని నైపుణ్యాన్ని బట్టి గోల్స్ లెక్కన హ్యాండిక్యాప్ అనే రేటింగ్ ఉంటుంది, ఎక్కువలో ఎక్కువ 10. జట్టులో నలుగురే కాబట్టి 40 దాటే దారే లేదు. 1975లో కొరోనెల్ స్వారెస్ జట్టు ఆ 40ని అందుకుంది, హారియట్ అన్నదమ్ములిద్దరు, ఎగీ అన్నదమ్ములిద్దరు. హువాన్ కార్లోస్ హారియట్ ఒక్కడే ఈ మైదానంలో ఏటా జరిగే పెద్ద టోర్నీ పలెర్మో ఓపెన్‌ని 20 సార్లు గెలిచాడు. ఇక అదోల్ఫో కాంబియాసో అనే అర్జెంటీనా ఆటగాడు 2006 ఫైనల్లో తన గుర్రం ఐకెన్ కూరా కాలు విరిగినప్పుడు దాని కణాలు దాచిపెట్టించాడు, 2016 ఫైనల్లో క్వార్తెతెరా అనే ఇంకో గుర్రం కణాల నుంచి అచ్చు దానిలాగే పుట్టించిన ఆరు క్లోన్ల మీద మార్చి మార్చి ఆడి కప్పు కొట్టాడు. పోలో డేలో ఈ కథ రెండు ముక్కల్లో తేల్చేశారు. కాళ్లు తడిమే ఆ చెయ్యి చూశాక మాత్రం, గుర్రాన్ని పోగొట్టుకున్న మనిషి అంత దూరం ఎందుకు వెళ్లాడో నాకు అర్థమైంది.

బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు మెయిల్‌లో రాయించుకోండి. వ్యాన్ ఎన్నింటికి వస్తుందో, శాకాహారం ఏం పెడతారో, గుర్రాలశాలలో పెతిసెరోతో కనీసం ఒక గంట ఉండనిస్తారో లేదో. జీన్స్ వేసుకెళ్లండి, టోపీ మర్చిపోకండి, నవంబర్ ఎండ గట్టిగానే ఉంటుంది. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా సీజన్, పలెర్మో ఓపెన్ చూడాలంటే మాత్రం నవంబర్‌లోనో డిసెంబర్ మొదట్లోనో రండి.