మల్లేశ్వరంలో నాన్న క్యాసెట్లు బాగుచేయించాను

బెంగళూరు మల్లేశ్వరం మార్కెట్ వెనక సందులో, టైలరు షాపు పైన ఉంది ఈ కొట్టు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇంకెవరినైనా పంపించండి. పాత ఆడియో క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు. నాన్న సంవత్సరీకం అయ్యాక పదకొండు క్యాసెట్లు సంచిలో వేసుకుని వెళ్లాను.

నాన్న ఇస్రోలో సైంటిస్టు. 1975లో పైకి వెళ్లిన ఆర్యభటను పీణ్య షెడ్లలో తయారుచేసినప్పుడు అక్కడ పనిచేశారు. ఆ ఉపగ్రహం బొమ్మ రెండు రూపాయల నోటు వెనక వచ్చాక, జీతం రోజున తమ్ముడికీ నాకూ చెరో కొత్త నోటు ఇచ్చి "దాచుకోండి" అనేవారు. మేం సాయంత్రానికల్లా ఐస్‌ఫ్రూట్లు తినేసేవాళ్లం. శ్రీహరికోట వెళ్తే వారాల తరబడి వచ్చేవారు కాదు. అందుకే వెళ్లేముందు రాత్రుళ్లు కూర్చుని, ఉండబోని రోజులకి లెక్కగా కథలు రికార్డు చేసిపెట్టేవారు. ప్రతి క్యాసెట్ మీదా తేదీ, కథ, ఎన్ని నిమిషాలు, చివర "రా. 8.30కి వినాలి" అని రాసేవారు. తొంభై నిమిషాల సి-90 టేపు పల్చన, చుట్టుకుపోతుందని గంట నిడివి సి-60లే కొనేవారు. రికార్డింగ్ అయ్యాక మళ్లీ ఎవరూ దానిమీద రికార్డు చేయకుండా పైనున్న రెండు ప్లాస్టిక్ పలుకులూ విరిచేసేవారు. ఒక్కదానికి మరిచిపోయారు, దాని సంగతి తర్వాత.

కొట్టు ఆయనది కోలారు వైపు తెలుగు. ఒక్కో క్యాసెట్ వెలుతురుకి పెట్టి చూసి, "నాలుగిట్లో ఫెల్టు రాలిపోయుండాదమ్మా" అన్నారు. టేపుని హెడ్డుకి అదిమిపెట్టే చిన్న మెత్త అది, జిగురు ఎండిపోతే ఊడిపోతుందట. పాత పెట్టెలకి స్క్రూలు లేవు, అతికించేసి ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా పగలగొట్టి, టేపు చుట్టలు తీసి స్క్రూలున్న కొత్త పెట్టెల్లో బిగించారు. తర్వాత నాకు నచ్చిన పని చేశారు. ప్లేయర్ హెడ్డు పక్కనున్న సన్న స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ, మా ఇంటి టేపురికార్డరు హెడ్డు ఏ వాలులో ఉండేదో ఆ వాలుకి తెచ్చారు. అంతదాకా దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టున్న గొంతు ఒక్కసారి ముసుగు తీసింది. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాను. ఆయన టేపు ఆపి టీ చెప్పారు.

అయినా మొదటిసారి ఇచ్చిన ఫైళ్లు నాకు పనికిరాలేదు. అడక్కుండానే 'క్లీన్' చేసేశారు. ఆపిల్ ఉపగ్రహాన్ని ఎద్దుల బండి మీద ఎక్కించిన కథ ఉంది. ఇనుప బండి అయితే యాంటెన్నా పరీక్షకి అడ్డొస్తుంది, అందుకని చెక్క బండి, రెండు ఎద్దులు. 1981 జూన్‌లో ఏరియన్ రాకెట్ మీద అంతరిక్షానికి వెళ్లిన ఉపగ్రహం అది. నాన్న మాత్రం ఎద్దులకి పేర్లు పెట్టి మరీ చెప్పారు. కథ మధ్యలో "ఏమోయ్, మూడోది!" అని అరుస్తారు. అమ్మకి, కుక్కర్ గురించి. కూత చప్పుడని తీసేశారు, దాంతో ఆ అరుపు ఎందుకో ఎవరికీ తెలియదు. అవతలి గదిలోంచి అమ్మ "ఆఁ, విన్నాను" అనడం కూడా పోయింది.

మళ్లీ మెట్లెక్కాను. ఆయన విసుక్కోలేదు. ఏమీ తీయకుండా ఉన్నదున్నట్టు మరో సెట్టు ఎక్కించి ఇచ్చారు, దానికి డబ్బు తీసుకోలేదు. కాబట్టి మీరు వెళ్తే ముందే చెప్పండి: చప్పుళ్లు ఉంచమని. క్యాసెట్‌కి 350 రూపాయలు, ఫెల్టు మార్పుకి ఇంకో వంద. వారం అన్నారు, పదిహేడు రోజులు పట్టింది. అందుకు ఒక నక్షత్రం కోత, ఐదుకి నాలుగు. ఫైళ్లకి ఒకటి, రెండు అని కాక నాన్న రాసిన కథల పేర్లే పెట్టారు, ఇది నేను అడగలేదు.

పలుకులు విరవని ఆ క్యాసెట్ మీద తమ్ముడు పదో తరగతిలో సినిమా పాటలు ఎక్కించాడు. కింద ఉన్న కథ వస్తుందా అని అడిగాను. రికార్డు చేసేటప్పుడు ముందున్న హెడ్డు పాతదాన్ని తుడిచేశాకే కొత్తది పడుతుందట. రాదమ్మా, అన్నారు. తమ్ముడు రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు. ఇంకా పని అవుతోందని చెబుతున్నాను.