మాగోమే నుంచి త్సుమాగోకి: సూట్‌కేసు ముందే పంపేయండి

అబ్బాయి జపాన్‌లోని నగోయాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబరులో మేం వెళ్లినప్పుడు కిసో లోయకు తీసుకెళ్లాడు. పూర్వం ఎడో నుంచి, అంటే ఇప్పటి టోక్యో నుంచి, క్యోటోకి కొండల మీదుగా పోయే పాత బాట నకసెండో. దారి పొడవునా 69 మజిలీలు. మేం నడిచింది మాగోమే నుంచి త్సుమాగో దాకా, ఒక్క మజిలీ దూరం, దాదాపు 8 కిలోమీటర్లు.

మోకాళ్ల కంటే నాకు సూట్‌కేసు గురించే టెన్షన్. మాగోమేలోని పర్యాటక సమాచార కేంద్రంలో సంచికి వెయ్యి యెన్లు తీసుకుని త్సుమాగోకి చేరుస్తారు. పొద్దున్నే ఇచ్చేయాలి, మధ్యాహ్నం అక్కడ తీసుకోవాలి. చలికాలంలో ఈ సేవ ఉండదు, వెళ్లే ముందు కనుక్కోండి. దీనికి ఐదుకు ఐదు మార్కులు వేస్తాను.

అసలు మజిలీలు పెట్టిందే ఇందుకట. షోగున్లు అనే సైన్యాధిపతులు పాలించిన కాలంలో ఈ దారిలో ఒక్కో మజిలీ 50 మంది కూలీల్ని, 50 గుర్రాల్ని సిద్ధంగా ఉంచాలి. కిసో లోయలోని 11 ఊళ్లకు మాత్రం దాంట్లో సగం, 25 మంది, 25 గుర్రాలు. సామాను మోసుకొచ్చినవాళ్లు తర్వాతి ఊళ్లో దించి వెనక్కి వెళ్లిపోయేవారు. అక్కడినుంచి ఆ ఊరివాళ్లు ఎత్తుకునేవారు. అదే ఊళ్ల మధ్య నా ఎర్ర సూట్‌కేసు కూడా వెళ్లిందంటే ఎంత సంతోషమేసిందో!

మాగోమే వైపు నుంచి మొదలుపెడితే ఎక్కుడు తక్కువ. కనుమ సుమారు 800 మీటర్ల ఎత్తు, ఆ తర్వాత అంతా దిగుడే. ఎలుగుబంట్లు తిరిగే చోటని దారిలో అక్కడక్కడా గంటలు కట్టారు. మావారు ఒక్కటీ వదలకుండా, గుళ్లో కొట్టినట్టే కొట్టారు.

కనుమ దాటాక పాత చెక్క ఇంట్లో టీ ఇస్తారు. లోపల నేలలో నలుచదరపు పొయ్యి, పైకప్పు నుంచి వేలాడే కొక్కేనికి నల్లటి కెటిల్. పొగకి దూలాలన్నీ మన పాత వంటింటి దూలాల్లా నిగనిగలాడుతున్నాయి. ఒక పెద్దాయన మా చెప్పుల వైపు చూసి, ముందు కూర్చోమని సైగ చేసి, తర్వాత టీ పోశారు. డబ్బు అడగలేదు. పెట్టెలో మనకు తోచింది వేయడమే.

త్సుమాగో వీధిలో కరెంటు తీగలు కనబడవు, పగటిపూట కార్లు రావు. 1968లో ఈ ఇళ్లను బాగుచేయడం మొదలుపెట్టారు. 1971లో ఊరంతా కలిసి అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం అని కట్టుబాటు పెట్టుకున్నారు. 1877లో సైప్రస్ కలపతో కట్టిన వకీ హోంజిన్ ఇల్లు, అంటే పూర్వం ప్రభువులు, అధికారులు దిగే రెండో బస, తప్పకుండా చూడండి. అంతకుముందు ఆ చెట్టు కొట్టిన సామాన్యుడికి తల పోయేదట.

ఒక్క లోటు తిండి. శాకాహారమని ముందే చెప్పినా, మేం దిగిన చిన్న బసలో సూప్ చేపల రసంతోనే చేశారు. పాపం వాళ్లకు అది మాంసాహారం కిందికి రాదు. చేపల రసం కూడా వద్దని జపనీస్‌లో రాయించుకుని వెళ్లండి. ఆ రాత్రి మా కడుపు నింపింది, నేను హైదరాబాద్ నుంచి తీసుకెళ్లిన కందిపొడి.