నలుగురు కూర్చోవాలంటే పర్మిట్ రూమా, గల్లీ బారా, పబ్బా?

హైదరాబాద్‌లో నెల మొదటి వారం రాగానే మొదలయ్యే ప్రశ్న ఇది. నలుగురం కూర్చోవాలి, రెండేసి బీర్లో ఒక్కో క్వార్టరో తాగాలి, కడుపునిండా తినాలి, మనిషికి వెయ్యి దాటకూడదు, ఎక్కడికెళ్లాలి? దీనికి ఎక్కువమంది ఇచ్చే సలహా ఒకటే. వైన్స్‌లో ఎంఆర్‌పీకి కొనుక్కుని పక్కనే పర్మిట్ రూమ్‌లో కానిచ్చేయండి, బార్‌లో అదే సీసాకి అదనంగా కట్టడం దండగ అంటారు. ఆ లెక్క తప్పు కాదు, కాకపోతే సీసా దగ్గరే ఆగిపోయింది. భోజనం దాకా వేసి చూస్తే వేరేగా తేలుతుంది.

ఇద్దరు బీరు, ఇద్దరు విస్కీ అనుకుందాం. బీరు 180, క్వార్టర్ 250 చొప్పున నాలుగు బీర్లు, రెండు క్వార్టర్లు వైన్స్‌లో 1,220 అవుతాయి. పర్మిట్ రూమ్ పక్క బండి మీద స్టఫ్‌కి, అంటే మందులోకి నంజుకునే తిండికి, ఇంకో 500. మనిషికి 430 పడింది, చవకే. కానీ అది భోజనం కాదు. బయటికొచ్చాక ఆకలేస్తుంది, ఎక్కడో బిర్యానీకి మనిషికి 250 పెడతారు. మొత్తం 680.

అదే సరుకు అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉండే మామూలు బార్ అండ్ రెస్టారెంట్‌లో, అదే గల్లీ బార్‌లో, బీరు 250, క్వార్టర్ 400 వేసుకుంటే 1,800. మూడు స్టార్టర్లు 900, చివర్లో రెండు రైసులు 460, ఈ తిండి మీద 5 శాతం జీఎస్టీ 68. మొత్తం 3,228, అంటే మనిషికి 807. ఏరియాని బట్టి అంకెలు అటూ ఇటూ కదులుతాయి గానీ తేడా మాత్రం నూటపాతికా నూటయాభై దగ్గరే తిరుగుతుంది. ఆ డబ్బుకి కుర్చీ, ఫ్యాను, గాజు గ్లాసు, బాత్రూమ్, మూడు గంటలు ఎవరూ లేపని టేబుల్ వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక వంటిల్లు వస్తుంది. తేల్చాల్సింది అక్కడే. సీసాలో ఉన్నది ఎక్కడ కొన్నా అదే. ప్లేటులోకి వచ్చేదే చోటుని బట్టి మారుతుంది.

గల్లీ బార్ కిచెన్‌లో చికెన్ 65, చిల్లీ చికెన్, మెజెస్టిక్ లాంటివి ఆర్డర్ వచ్చాక మొదటినుంచి చెయ్యరు. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలప్పుడు ముక్కలకి పిండీ గుడ్డూ కారం పట్టించి సగం వేయించి, జల్లి బుట్టలో పెట్టుకుంటారు. మీరు చెప్పాక మళ్లీ ఒకసారి నూనెలో ముంచి, కరివేపాకు, పచ్చిమిర్చి, సాస్‌తో పెద్ద మంట మీద తిప్పి పంపుతారు. పచ్చి ముక్క నుంచి మొదలుపెడితే పన్నెండు, పదిహేను నిమిషాలు పట్టేది అందుకే ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఇందులో మోసమేం లేదు. రెండుసార్లు వేగిన ముక్కే కరకరలాడుతుంది. ఆ రోజు వేయించింది ఆ రాత్రికి అయిపోకుండా ఫ్రిజ్‌లోకెళ్లి మర్నాడు మూడోసారి నూనెలో పడితేనే చిక్కు. అప్పుడు పైపూత రేకులా గట్టిపడి ముక్క నుంచి విడిపోతుంది. లోపల మాంసం పీచులు పీచులుగా, నమిలేకొద్దీ నోరు ఎండిపోయేలా ఉంటుంది. అది దాచడానికే సాస్ ఎక్కువ పోస్తారు. అందుకే మొదటిసారి వెళ్లిన బార్‌లో స్టార్టర్ ‘డ్రై’ అని చెప్పండి, గ్రేవీ లేకపోతే దాచడానికి చోటుండదు.

కాబట్టి బార్‌ని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది సరుకు ఎంత వేగంగా కదులుతోందన్నదే. శుక్ర, శనివారాల జనాన్ని చూసి మురిసిపోవద్దు, ఆ రెండు రోజులూ ఏ బారైనా నిండుతుంది. సోమవారం రాత్రి ఎనిమిదింటికి సగం టేబుళ్లు నిండి ఉంటే ఆ కిచెన్‌ని నమ్మొచ్చు. మంగళవారం మన దగ్గర చాలామంది నీచు ముట్టరు. మధ్యాహ్నం వేయించింది మిగిలేది ఆ రోజే, అది బయటికొచ్చేది బుధవారం. కార్తీకం, శ్రావణం, అయ్యప్ప మాలల సీజన్‌లో అయితే జనం పలచగా ఉండే బార్‌లలో చికెన్ స్టార్టర్ల జోలికి పోకుండా గుడ్డుతోనే సరిపెట్టుకోవడం తెలివి.

ఆ గుడ్డే మంచి పరీక్ష కూడా. కూర్చోగానే ఎగ్ బుర్జీ చెప్పండి. ముందే చేసి పెట్టుకునే వస్తువు కాదు, చవక, ఆరేడు నిమిషాల్లో వస్తుంది. ఉల్లిపాయ సరిగ్గా వేగిందా, పచ్చిమిర్చి అప్పుడే కోసిందా, పాత నూనె వాసన వస్తోందా అన్నీ అందులో తెలిసిపోతాయి. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే మళ్లీ మళ్లీ కాగడంతో నూనె చెడి పుట్టే పదార్థాలు, 25 శాతం దాటకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని కొలిచే మీటర్ మన జేబులో ఉండదు కాబట్టి నాలుకనే నమ్ముకోవాలి. తిన్నాక అంగిట్లో జిడ్డు పొరలా అంటుకుని మంచినీళ్లకీ పోలేదంటే, పకోడీ మీద నల్లటి నలుసులు కనిపించాయంటే నూనె మార్చి చాలా రోజులైనట్టు. అక్కడ ఇంక వేపుళ్లు ఆపేసి పల్లీ మసాలా, మసాలా పాపడ్‌తో బండి లాగించండి.

అపోలో ఫిష్ గురించి విడిగా చెప్పాలి, హైదరాబాద్ బార్‌లో ఆ ప్లేటు లేని టేబుల్ అరుదు. అసలు ఇది ముల్లు తీసిన కొర్రమీనుతో చేసే వంట. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా. దాని ధర మాత్రం మామూలు బార్ మెనూలో ఇమడదు. అందుకే చాలాచోట్ల వచ్చేది బాసా, గడ్డకట్టించి తెచ్చే మెత్తటి తెల్ల చేప. తేడా నోట్లో పెట్టుకోగానే తెలుస్తుంది. కొర్రమీను ముక్క గట్టిగా ఉండి పొరలు పొరలుగా విడుతుంది. బాసా వెన్నలా నలిగిపోయి నీరు వదులుతుంది, ప్లేటు అడుగున పెరుగూ నీళ్లూ కలిసిన మడుగు కడుతుంది. బాసా తింటే తప్పేం కాదు, కొర్రమీను ధర పెట్టి బాసా తినకూడదంతే. అడిగితే సర్వర్లు దాచరు. “అన్నా, కొర్రమీనా, బాసానా?” అంటే సూటిగానే చెప్తారు. బాసా అని చెప్తే ఆ డబ్బుకి ఎముకతో ఉన్న చికెన్ ఫ్రై చెప్పుకోండి. అందులో ఎముక చుట్టూ నల్లగా కనిపిస్తే అది ఫ్రీజర్‌లో ఉండి వచ్చిన కోడి అనుకోవచ్చు. హాని లేదు, రుచి మాత్రం ఒక మెట్టు కిందే.

ఇక పోసే దగ్గర. పెగ్గు అంటే 30 ఎంఎల్, లార్జ్ అంటే 60. క్వార్టర్ 180, అంటే మూడు లార్జ్‌లు. విడిగా లార్జ్ 160 చొప్పున మూడు చెప్తే 480 అవుతుంది. అదే బార్‌లో సీల్డ్ క్వార్టర్ 400కి వస్తున్నప్పుడు పెగ్గుల్లో తాగడానికి కారణమే లేదు. సీసా మూత మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబుల్ చిరగకుండా ఉండాలి, మూత మీ ముందే తిప్పాలి. ఇద్దరూ ఒకే బ్రాండ్ తాగుతుంటే హాఫ్ తీసుకోండి. 375 కాబట్టి ఆరు లార్జ్‌లు పోయాక ఇంకా 15 ఎంఎల్ మిగులుతుంది, రేటు కూడా రెండు క్వార్టర్ల కన్నా సాధారణంగా తక్కువే. పెగ్గులే కావాలంటే ఐస్ విడిగా తెప్పించుకోండి. గ్లాసులో ముందే ఐస్ వేసి కౌంటర్ దగ్గరే పోసి తెస్తే అరవై పోశాడో నలభై ఐదు పోశాడో బ్రహ్మదేవుడికీ తెలీదు. “అన్నా, సీసా తెచ్చి ఇక్కడే పొయ్యి” అంటే నొచ్చుకోరు, పాత బార్‌లలో అదే మర్యాద.

బిల్లు రాగానే మందునీ తిండినీ విడదీసి చూడండి. మందు మీద జీఎస్టీ లేదు, మొత్తం మీద 5 శాతం వేస్తే తప్పు. ఏసీ హాల్‌లో ట్యాక్స్ ఎక్కువన్న మాట ఇంకా వినిపిస్తుంది, అది 2017 నవంబర్ 15తోనే పోయింది. ఏసీకీ నాన్ ఏసీకీ ఒకటే 5 శాతం. పై అంతస్తు ఏసీ హాల్‌లో తేడా వచ్చేది మెనూ ధరలోనే, ఒక్కో ఐటమ్‌కి పది, ఇరవై కలిపి ఉంటుంది. వేసవి కాకపోతే కింద నాన్ ఏసీలోనే కూర్చోండి. కిచెన్ దగ్గర, ప్లేటు వేడిగా వస్తుంది. సర్వీస్ ఛార్జీ మన ఇష్టం, బిల్లులో తప్పనిసరిగా వేసే హక్కు హోటల్‌కి లేదు. ఇలా వెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. తీసెయ్యమంటే తీసెయ్యాలి, కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. దాని బదులు టేబుల్ చూసుకున్న మనిషి చేతిలో వంద పెడితే వచ్చేసారి ఫ్యాను కింద టేబుల్ మీకే. నీళ్ల బాటిల్ మాత్రం కూర్చోబెట్టి ఇచ్చేచోట ఎంఆర్‌పీ కన్నా ఎక్కువకి ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది, దాని మీద గొడవ పడి లాభం లేదు. మామూలు నీళ్లు అడగండి.

మరి పర్మిట్ రూమ్ ఎప్పుడు? ఇద్దరే ఉండి, ఇంటి దగ్గర వంట సిద్ధంగా ఉండి, ముప్పావు గంటలో కదలాలంటే దాన్ని మించింది లేదు. స్టఫ్‌లో కళ్ల ముందు చేసేవే తీసుకోండి. ఉడకబెట్టిన గుడ్డు కోసి ఉల్లిపాయ, కారం చల్లింది, ఆమ్లెట్, వేడి వేడి బోటీ. అద్దాల పెట్టెలో ఎర్రగా పేర్చిన చికెన్ ముక్కలు పొద్దుటివి కావచ్చు, నిన్నటివీ కావచ్చు. వైన్స్‌లో ఎంఆర్‌పీ మీద రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వక్కర్లేదు. కూలింగ్ ఛార్జీ అని ఏదీ లేదు.

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పబ్బుల సంగతి రెండు ముక్కల్లో. వెయ్యి బడ్జెట్‌లో కుదరదు. మెనూలో బీరు ధర 330 ఎంఎల్‌కి, విస్కీ ధర 30 ఎంఎల్‌కి రాసి ఉంటుంది, చవకగా కనిపించేది అందుకే. 30కి 250 అంటే క్వార్టర్ 1,500 పడ్డట్టు. వారం మధ్యలో, సాయంత్రం ఏడులోపు, ఒకటికి ఒకటి ఫ్రీ ఉన్నప్పుడు అక్కడికక్కడే బీరు తయారుచేసే మైక్రోబ్రూవరీలో తాజా బీరు రుచి చూడ్డానికైతే వెళ్లండి, భోజనం మాత్రం బయటికొచ్చి చెయ్యండి.

కల్లు కాంపౌండ్ అడిగేవాళ్లూ ఉన్నారు. నగరంలో వద్దు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి పట్టుబడ్డ కేసులు ఒకటీ రెండూ కాదు. ఊళ్లో చెట్టు కింద దింపిన కల్లు సంగతి వేరు.

బార్‌కే వెళ్తున్నారనుకుంటే నడిచి ఇంటికొచ్చే దూరంలో ఉన్నది చూసుకోండి. డ్రంకెన్ డ్రైవ్ పరిమితి వంద ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు, ఒక్క బీరుకే దాటిపోవచ్చు. క్యాబ్‌కి రానూపోనూ మూడొందలైతే, పైన తేలిన నూటపాతిక తేడాకి అర్థమే లేదు.

చివరగా రైస్. బార్‌లో బిర్యానీ చెప్పాలంటే తొమ్మిదిలోపు చెప్పండి. సాయంత్రం దమ్ వేసిన గిన్నె పదిన్నరకల్లా అడుగుకి వస్తుంది, అప్పుడు పడేది విరిగిన మెతుకులు, మాడిన మసాలా, మెడ ముక్క. ఆలస్యమైతే ఎగ్ ఫ్రైడ్ రైస్, లేదా పెరుగన్నం, పక్కన వేయించిన మిరపకాయ. బార్ మూసేకన్నా ముందే కిచెన్ మూసేస్తారు, అది ఎన్నింటికో కూర్చున్నప్పుడే అడగండి. లైట్లు ఆర్పుతూ వంట మాస్టర్ వెళ్లిపోయాడని చెప్పేది సరిగ్గా మీకు ఆకలి మొదలైనప్పుడే.