పాత యాంప్లిఫయర్‌కు కొత్త కండెన్సర్లు: ఏవి వినిపించాయి, ఏవి వినిపించలేదు

మా ఇంట్లో ఉన్న పాతికేళ్ల నాటి స్టీరియో యాంప్లిఫయర్‌ను గత నెల వరంగల్ స్టేషన్ రోడ్డు దగ్గరి ఒక చిన్న దుకాణంలో బాగు చేయించాను. పాట ఆపినా స్పీకర్లలో గుయ్‌మని మోత వచ్చేది, వాల్యూమ్ తిప్పితే బరబరమనేది. ఈ రెండూ సరిచేయమని ఇస్తే, సిగ్నల్ వెళ్లే దారిలోని చిన్న విడిభాగాలను కూడా మేలు రకానివి వేయించుకుంటే "సౌండ్ ఓపెన్ అవుతది సార్" అని దుకాణదారు సలహా ఇచ్చారు.

మొదటి పనికి వంక పెట్టలేను. పవర్ సప్లైలోని రెండు ఫిల్టర్ కండెన్సర్లను (విద్యుత్తును నిలువ చేసి వదిలే విడిభాగాలను) ఊడదీసి నా ముందే మీటరుకు తగిలించారు. నిలువ సామర్థ్యం 4700 మైక్రోఫారడ్లు ఉండవలసిన చోట ఒకటి 2900 చూపింది, నెత్తి ఉబ్బిన రెండవది అందులో సగం కూడా చూపలేదు. మన 50 హెర్ట్జ్ కరెంటు డయోడ్ల బ్రిడ్జి దాటాక మిగిలే 100 హెర్ట్జ్ అలను చదును చేయవలసినవి ఇవే కాబట్టి, వాటి లోపలి ద్రవం ఎండిపోతే ఆ అల మోతగా స్పీకరు దాకా వస్తుంది. కొత్తవి వేయగానే మోత పోయింది. పైగా 85 డిగ్రీల వేడి దాకా తట్టుకునే రకం తీసి 105 డిగ్రీల రకం వేశారు. వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా కండెన్సర్ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని లెక్క. మే నెలలో మన ఊరి ఎండను, యాంప్లిఫయర్ మీద మా ఇంట్లో కప్పే కుట్టుపని గుడ్డను తలచుకుంటే ఈ మార్పు ధ్వని కోసం కాకపోయినా మన్నిక కోసం అవసరమే. వాల్యూమ్ కంట్రోల్ మార్చడంతో బరబర కూడా ఆగింది.

ఇక మేలు రకం సంగతి. ఇన్‌పుట్ దగ్గరి 1 మైక్రోఫారడ్ కండెన్సర్ల స్థానంలో ప్లాస్టిక్ పొరతో చేసే ఖరీదైన ఫిల్మ్ రకం వేస్తామన్నప్పుడు, ముందు ఎడమ చానెల్‌కు మాత్రమే వేయమని అడిగాను. ఆయన కొంత చిన్నబుచ్చుకున్నా ఒప్పుకున్నారు. ఇంటికి తెచ్చాక రెండు స్పీకర్లను పక్కపక్కనే పెట్టి, రెండు చానెళ్లలో ఒకే ధ్వని వచ్చే 1950ల నాటి మోనో పాటలు వేసి, నేను గోడవైపు తిరిగి కూర్చుంటే మా మేనల్లుడు బ్యాలెన్స్ మీటను తన ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ తిప్పాడు. స్పీకరు తేడా అడ్డురాకుండా సగంలో వైర్లు కూడా మార్చాము. 20 సార్లలో 11 సార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసు వేసినా ఇంచుమించు అంతే వస్తుంది. ఆశ్చర్యపడవలసినదేమీ లేదు. ఆ కండెన్సర్ తరువాత 47 కిలోఓమ్‌ల నిరోధం ఉంది గనుక అది కోత పెట్టేది 3.4 హెర్ట్జ్ కంటే కిందివాటికి, మన చెవికి వినిపించడం మొదలయ్యేది 20 హెర్ట్జ్ దగ్గర. వినిపించే స్వరాల వోల్టేజి దాని మీద దాదాపు పడదు కాబట్టి, అది ఎంత మేలు రకమైనా తన గుణం చూపించుకునే అవకాశం లేదు.

సిగ్నల్‌ను పెంచే చిప్పు, అంటే పాత 4558 ఐసీ తీసి 5532 వేయడం కూడా ఇలాంటిదే. లెక్క ప్రకారం కొత్తదానిలో రొద తక్కువే, కానీ స్పీకరుకు చెవి ఆనిస్తే తప్ప నాకు తేడా తెలియలేదు. అయితే వేగం ఎక్కువున్న ఐసీ తనంతట తాను కంపించకుండా సప్లై కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ అతికించారు. ఆ జాగ్రత్త ఎంతో మంది పాటించరు.

రెండు రోజులన్నది వారమైంది, ఐసీకి సాకెట్ వేసినట్టు బిల్లులో చూసేదాకా చెప్పలేదు. ఇవి తప్ప ఫిర్యాదు లేదు. కుడి చానెల్‌కూ ఫిల్మ్ కండెన్సర్ వేస్తామని మొన్న ఫోన్ చేస్తే వద్దన్నాను. ఎడమవైపుది మాత్రం అలాగే ఉంచాను. మళ్లీ వేడిచేసి లాగితే పాత బోర్డు మీది రాగి గీత లేచి వస్తుందని భయం.