శుక్రవారం సాలార్‌జంగ్ గేటు ముందు ఆటో ఎక్కకండి: 18,500 పోగొట్టుకున్నాం

హైదరాబాద్ ఒక్కరోజులో చూసొద్దామని కారేసుకుని బయల్దేరే ఆలుమగలకు ముందే చెబుతున్నా. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కీ అదే రోజు సెలవు. ఈ సంగతి మాకు తెలియదు. మూసిన గేటు ముందు ఆటో పెట్టుకుని నిలబడ్డ మనిషికి మాత్రం బాగా తెలుసు.

మాది నందిగామ. తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరి, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటుకుంటూ, సూర్యాపేటలో ఇడ్లీ తిని, 9 అయ్యేసరికి ఎల్బీనగర్ చేరాం. కారు పిన్ని వాళ్ళింటి దగ్గర పెట్టేసి మెట్రోలో ఎంజీబీఎస్‌ దాకా వెళ్ళాం. ఆ రోజు మేము చేసిన తెలివైన పని అదొక్కటే.

చిన్నప్పుడు స్కూలు ఎక్స్‌కర్షన్‌లో సాలార్‌జంగ్ గడియారం చూశాను. గంటగంటకీ ఓ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టిపోతుంది, జనమంతా దానికోసం నిలబడి చూస్తారు. మా ఆయనకి అది చూపించాలని నా సరదా. తీరా వెళ్తే గేటుకి తాళం.

"ఇయ్యాల జుమ్మా కదమ్మా, బంద్ ఉంటది" అన్నాడు ఆటో అతను. అది అబద్ధం కాదు, అందుకే నమ్మాం. "మసీదు కాడ కూడ మంది ఉంటరు, నమాజ్ అయినంక చార్మినార్ పోదురు. అప్పటిదాంక సర్కారు ముత్యాల ఎగ్జిబిషన్ చూడుండ్రి, ఇయ్యాలే ఆఖరు. యాభై ఇయ్యుండ్రి చాలు" అన్నాడు. ఎంత దూరమైనా యాభై రూపాయలకి తిప్పుతాననే ఆటో అతనికి ఆ మిగతా డబ్బు ఎవరిస్తారో మాకు తట్టలేదు.

తీసుకెళ్ళింది ముత్యాల కొట్లుండే పత్తర్‌గట్టీకి కాదు. ఏవో సందులు తిప్పి ఓ ఇంటి మేడమీదికి ఎక్కించాడు. బోర్డు లేదు, గుడ్డ బ్యానర్ ఒకటి కట్టారు. లోపల నీలం వెల్వెట్ ట్రేలు, చల్లటి ఏసీ, మంచినీళ్ళు, చాయ్. నిజాం కాలం నాటి బస్రా ముత్యాలు, అంటే ఒకప్పుడు గల్ఫ్ సముద్రంలో సహజంగా దొరికినవి అంటూ కొట్టువాడు ఒక దండ తీశాడు. ధర 42,000, ఎగ్జిబిషన్ డిస్కౌంట్ పోను 21,000. మా ఆయన కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషి, ఊరుకుంటాడా? 18,500కి దించాడు. దించానని మురిసిపోయాడు కూడా.

నాకు అనుమానం రాకపోలేదు. "ఏమండీ, పిన్నిని అడిగి కొందాం" అన్నాను. "నువ్వుండవే, ఆఖరు రోజంటున్నాడుగా" అన్నాడు. అది విని కొట్టువాడు లైటర్ వెలిగించి ముత్యాన్ని ఓ క్షణం మంటలో పెట్టి తీశాడు. "చూడండి, ప్లాస్టిక్ అయితే కరిగిపోదా?" కరగలేదు. గాజు కూడా కరగదు కదా అని ఇంటికొచ్చాక తట్టింది.

దండకి ఓ చిన్న లాకెట్. బంగారమే, 1.8 గ్రాములు అన్నాడు. హాల్‌మార్క్ ఏదని అడిగితే, 2 గ్రాముల లోపు వాటికి అక్కర్లేదు మేడం అన్నాడు. ఆ మాట నిజమే, నిబంధనలో అలాగే ఉంది. దాంతో నా నోరు మూతపడింది. నిజాన్ని ఇంత చక్కగా వాడుకునే మోసగాణ్ణి నేను చూడలేదు.

అసలు దెబ్బ బిల్లు దగ్గర తగిలింది. బిల్లు కావాలంటే 3 శాతం జీఎస్టీ అదనం, వద్దంటే ఎస్టిమేట్ రాసిస్తానన్నాడు. లెక్కేస్తే 555 రూపాయలు. ఆ 555 మిగుల్చుకుందామని గులాబీ రంగు చీటీ పుచ్చుకున్నాం. దానిమీద కొట్టు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, ఒక ఫోన్ నంబరు మాత్రం ఉంది. క్యూఆర్ స్కాన్ చేస్తే వచ్చింది కూడా కొట్టు పేరు కాదు, ఎవరో మనిషి పేరు.

ఆ తర్వాత గోల్కొండ వెళ్ళాం. కోట ద్వారం కింద మా ఆయన చప్పట్లు కొట్టాడు, నేను పైకెక్కి విన్నాను, బాగుంది. సాయంత్రం చార్మినార్, లాడ్‌బజార్‌లో గాజులు. ఆ రోజు నేను కొన్న నిఖార్సైన సరుకు ఆ లక్క గాజులే.

మర్నాడు మా ఊరి కంసాలి దగ్గరికి దండ తీసుకెళ్తే, ఆయన ఏ యంత్రమూ పెట్టలేదు. ఒక ముత్యాన్ని ముందు పంటి అంచుకి మెల్లగా రాసి నా చేతిలో పెట్టాడు. "మీరూ రాసి చూడండమ్మా, జారిపోతోందా?" జారింది. అసలు ముత్యమైతే సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడుతుందట. భూతద్దంలో దారం రంధ్రం చూపించాడు. అంచున పూత పెచ్చులుగా లేచి, లోపల గాజు కనిపిస్తోంది. లాకెట్ వన్ గ్రామ్ గోల్డ్.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. కల్చర్డ్ ముత్యం అంటే నకిలీ అనుకుంటారు చాలామంది, కాదు. అది ఆల్చిప్పలో పెరిగిందే, పెంచింది మనిషి, అంతే తేడా. ఇవాళ హైదరాబాద్‌లో అమ్మే ముత్యాల్లో ఎక్కువ భాగం చైనా మంచినీటి ముత్యాలే. ఇక్కడ జరిగేది రంధ్రం వేయడం, ఏరడం, గుచ్చడం. నిజాయితీగల కొట్టువాడు ఆ సంగతి దాచకుండా చెబుతాడు. అసలైన పాత బస్రా దండ 18,500కి వస్తుందని నమ్మిన వాళ్ళని మాత్రం ఏ కొట్టువాడూ కాపాడలేడు.

చీటీ మీద నంబరుకి ఫోన్ చేస్తే, "అది మా సరుకు కాదు" అని పెట్టేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాం. వాళ్ళు మొదట అడిగిందే బిల్లు. లేదన్నాక, డబ్బు పంపిన స్క్రీన్‌షాటూ చీటీ ఫొటోతో ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. ఇంకా ఏమీ తేలలేదు.

మీరు ముత్యాలు కొనేట్టయితే ఆటో వాళ్ళు చూపించే కొట్టు వద్దు, మీ కాళ్ళతో మీరు నడిచెళ్ళిన కొట్టే నయం. "కల్చర్డ్ మంచినీటి ముత్యాలు" అని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి, చాయ్ తాగినా సరే. ఇప్పటికే మాలాగా ఇరుక్కుని ఉంటే ఆ గులాబీ చీటీ చించెయ్యకండి, డబ్బు పంపిన వివరం ఫోన్‌లోంచి తీసెయ్యకండి. మా ఆయన కోపంలో చించబోయాడు, నేనే లాక్కుని బీరువాలో పెట్టాను.